తోటివారిని కృపతో చూడడం



ఈ పూట మీతో ఒక చిన్న మాట గురించి ముచ్చటించాలని వచ్చాను. ఆ మాట 'కృప'. రెండే అక్షరాలు. తెలుగులో కృప అంటాం. కన్నడంలో కృపె అంటారు. తమిళ క్రైస్తవులు కిరుపై అంటారు. ఒరియాలోనూ మరాఠీలోనూ కృపా అంటారు. సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు దుకాణంలో ఒక భాష, బడిలో ఒక భాష, వంటింట్లో ఒక భాష. బస్సెక్కి నాలుగు మైళ్ళు పోతే బోర్డుల మీద లిపి మారిపోతుంది. కానీ ఈ మాట మాత్రం ఏ వైపు పోయినా మనల్ని వదలదు. గుడిలోనూ వినిపిస్తుంది, చర్చిలోనూ వినిపిస్తుంది. 'మీ కృప వల్ల బాగున్నామండీ' అని పెద్దవాళ్ళు మాటవరసకు అంటూనే ఉంటారు.

అంత వాడుకలో ఉన్న మాట కాబట్టే దాని బరువు మనకు తెలియకుండా పోతుందేమోనని నా అనుమానం. క్రైస్తవ జీవితంలో ఈ మాటకు చాలా పెద్ద స్థానం ఉంది. తెలుగు బైబిలులో 136వ కీర్తన తెరిచి చూడండి. 26 వచనాలు ఉంటాయి. ప్రతి వచనంలోనూ కృప అన్న మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. సృష్టి చెప్పినా కృపే, ప్రయాణం చెప్పినా కృపే, చివరికి ప్రాణులకు ఆహారం పెట్టడం చెప్పినా కృపే. అయితే దేవుడి కృపను గురించి పాడుకోవడం ఒక ఎత్తు, ఆ కృపను కళ్ళలో పెట్టుకుని పక్కింటివాణ్ణి చూడడం మరో ఎత్తు. ఆ రెండో సంగతి గురించే ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందుగా ఈ మాటను దాని చుట్టాల నుంచి కొంచెం విడదీసి చూద్దాం. జాలి ఉంది, దయ ఉంది, క్షమ ఉంది. జాలి పడేవాడు గట్టు మీద ఉంటాడు, జాలికి గురైనవాడు గుంటలో ఉంటాడు. 'అయ్యో పాపం' అన్న మాటలో ఎక్కడో 'నేను అలా లేను' అన్న నిమ్మళం కూడా ఉంటుంది. క్షమ తప్పు జరిగిన తరువాత వచ్చేది. కృప అలా కాదు. ఎదుటివాడికి అర్హత ఉందా లేదా అని లెక్క చూడకముందే చేయి చాచేది కృప. పైగా కృపతో చూసేవాడు తాను కూడా ఒకప్పుడు గుంటలోంచి చేయి పట్టి లాగబడ్డవాణ్ణేనని మరచిపోడు. గట్టు మీద నిలబడి ఉన్నా కాళ్ళకంటిన బురద చూసుకుంటూ ఉంటాడు. జాలికీ కృపకూ తేడా ఆ బురదలోనే ఉంది.

యేసు చెప్పిన ఒక కథలో ఈ సంగతి అంకెలతో సహా ఉంది. మత్తయి సువార్త 18వ అధ్యాయంలోది. ఒక రాజు దగ్గర ఒక సేవకుడు 10,000 తలాంతులు బాకీ పడ్డాడు. తీర్చే దారి లేక కాళ్ళ మీద పడ్డాడు. రాజు ఆ బాకీ మొత్తం రద్దు చేశాడు. ఆ సేవకుడు బయటికి వచ్చి, తనకు 100 దేనారాలు బాకీ ఉన్న తోటి సేవకుణ్ణి గొంతు పట్టుకున్నాడు. గడువు ఇవ్వమని బతిమాలినా వినక చెరసాలలో వేయించాడు.

నేను బడిపంతుల్ని కాబట్టి లెక్క కట్టకుండా ఉండలేను. దేనారం అంటే ఆ రోజుల్లో కూలివాడికి ఒక రోజు కూలి. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. అంటే 10,000 తలాంతులు 6 కోట్ల రోజుల కూలి అన్నమాట. ఏడాదికి 300 రోజులు పని దొరుకుతుందనుకున్నా, ఆ అప్పు తీర్చడానికి 2 లక్షల సంవత్సరాలు కావాలి! తీర్చలేని అప్పు అని చెప్పడానికే అంత పెద్ద అంకె పెట్టారు. సరే, రెండో అప్పు చూడండి. 100 దేనారాలు అంటే 100 రోజుల కూలి. మూడు నెలల పైచిలుకు సంపాదన. అది చిల్లర అప్పు కాదు. మనలో ఏ కూలి మనిషినైనా అడగండి, మూడు నెలల కూలి ఎగ్గొడితే ఎంత నొప్పో చెబుతాడు.

ఇందులో నాకు నచ్చే సంగతి ఏమిటంటే, మనకు ఇతరులు చేసిన అన్యాయం చిన్నదని యేసు చెప్పలేదు. '100 దేనారాలే కదా, పోనీ' అనలేదు. మీకు నొప్పి కలిగింది నిజమే, మీకు రావలసింది ఉన్న మాట నిజమే. కానీ దాని పక్కన మీకు రద్దయిన పద్దు కూడా పెట్టుకుని చూడండి అంటున్నారు. మనకు క్షమాపణ దొరికిన పద్దు మరచిపోయినప్పుడే ఎదుటివాడి గొంతు మీదికి మన చేయి పోతుంది. క్రైస్తవుడు తోటివారిని కృపతో చూడాలనడానికి ఆధారం ఇదే. స్వభావం మెత్తన కావడం వల్లో, మంచి పేరు కోసమో కాదు. తాను ముందు అందుకున్నవాడు గనుక.

ఇది సూత్రం. సూత్రం చెబితే పిల్లలకు అర్థం కాదు, ఉదాహరణ కావాలి. అందుకు నేను ఎంచుకున్న మనిషి బర్నబా. అపొస్తలుల కార్యములు చదివినవారికి పౌలు బాగా తెలుసు, పేతురు బాగా తెలుసు. బర్నబా వారి వెనక ఎక్కడో నిలబడి ఉంటాడు. కానీ కృపతో చూడడం అంటే ఏమిటో నేర్చుకోవాలంటే ఆయన కన్నా మంచి గురువు దొరకడు.

ఆయన అసలు పేరు యోసేపు. బర్నబా అన్నది అపొస్తలులు పెట్టిన పేరు. పాత తెలుగు బైబిలు దానికి 'హెచ్చరిక పుత్రుడు' అని అర్థం చెప్పింది. ఇప్పటి పిల్లలు ఈ మాట చదివి బెదిరిపోతారు. హెచ్చరిక అంటే మనకు ఇవాళ 'ప్రమాదం, జాగ్రత్త' అన్న బోర్డు గుర్తుకు వస్తుంది. కానీ అక్కడ దాని భావం వేరు. కుంగినవాణ్ణి లేపి, ధైర్యం చెప్పి, ముందుకు నడిపించే మాట అని. ఆదరించే మనిషి, వెన్ను తట్టే మనిషి అన్నమాట. తల్లిదండ్రులు పెట్టిన పేరు పుట్టుకతో వస్తుంది. ఊరు పెట్టిన పేరు నడతను చూసి వస్తుంది. మన ఊళ్ళలో కూడా చూడండి, అలాంటి పేర్లు ఊరికే రావు.

ఇంకో సంగతి. బర్నబా మనలాంటి సరిహద్దు మనిషి. యూదుడే, లేవీ గోత్రంవాడే. కానీ పుట్టింది కుప్ర ద్వీపంలో, అంటే ఇప్పటి సైప్రస్‌లో. చుట్టూ గ్రీకు మాట్లాడే జనం. యెరూషలేములో ఉన్నవారికి ఆయన ద్వీపం నుంచి వచ్చినవాడు. ద్వీపంవారికి ఆయన యూదుడు. ఈ అవస్థ మనకు తెలియనిదా? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అటు చేరాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి పోయాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అన్న అటు, తమ్ముడు ఇటు. పెళ్ళికి అటు పోతే 'కన్నడమోళ్ళు వచ్చారు' అంటారు, ఇటు వస్తే 'తెలుగువాళ్ళు' అంటారు. రెండు చోట్లా కొంచెం పరాయివాడు కావడం బాధే. కానీ అందులో ఒక విద్య కూడా ఉంది. బయటివాడుగా నిలబడ్డం ఎలా ఉంటుందో తెలిసినవాడు, గుమ్మం దగ్గర తటపటాయించే మరో మనిషిని తొందరగా గుర్తుపడతాడు. బర్నబా చేసింది అదే.

మొదటి సందర్భం చూడండి. సౌలు అనే యువకుడు క్రైస్తవులను ఇళ్ళలోంచి ఈడ్చుకుపోయి చెరసాలలో వేయించినవాడు. స్తెఫనును రాళ్ళతో కొట్టి చంపినప్పుడు అక్కడ నిలబడి ఒప్పుకున్నవాడు. అలాంటివాడు దమస్కు దారిలో మారాడు. మారి యెరూషలేముకు వచ్చి శిష్యులతో కలవబోయాడు. ఎవరూ నమ్మలేదు. అందరూ భయపడ్డారు. ఆ భయంలో తప్పు లేదు సుమా! వారి బంధువులు చెరసాలలో మగ్గినవారు. మారానని వచ్చి గుట్టు తెలుసుకుని పోతాడేమోనని ఎవరికైనా అనిపిస్తుంది. అప్పుడు బర్నబా ఏం చేశాడు? సౌలును దగ్గరికి తీశాడు. అపొస్తలుల దగ్గరికి తీసుకుపోయి, అతనికి దారిలో జరిగినదేమిటో, దమస్కులో అతను ఎంత ధైర్యంగా మాట్లాడాడో వివరించాడు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. బర్నబా 'పోనీలెండి, అందరూ మంచివాళ్ళే' అని గాలిమాట చెప్పలేదు. సౌలు కథ పూర్తిగా తెలుసుకుని వచ్చాడు. మిగతావారికి సౌలు పాత కథ మాత్రమే తెలుసు. బర్నబాకు కొత్త అధ్యాయం కూడా తెలుసు. కృపతో చూడడం అంటే కళ్ళు మూసుకోవడం కాదు, ఇతరుల కన్నా ఇంకొంచెం ఎక్కువ సేపు చూడడం. ఒక మనిషిని గురించి మనకు తెలిసిన సమాచారం ఎన్నాళ్ళ నాటిదో ఎప్పుడైనా లెక్క చూసుకున్నామా? 'వాడా? తాగుబోతు కదూ' అంటాం. ఎప్పటి మాట? పదేళ్ళ కిందటిది. ఆ మనిషి మానేసి ఎనిమిదేళ్ళయి ఉంటుంది. మన నోట్లో మాత్రం ఇంకా తాగుతూనే ఉంటాడు.

రెండో సందర్భం అంతియొకయలో. అది పెద్ద పట్టణం. ఇప్పుడు టర్కీ దేశంలో అంతాక్యా అని పిలుస్తారు. 2023 ఫిబ్రవరి భూకంపంలో ఘోరంగా దెబ్బతిన్న ఊరు అదే. ఆ కాలంలో అక్కడ గ్రీకులు, సిరియావారు, యూదులు అందరూ కలిసి ఉండేవారు. అక్కడికి చెదరిపోయి వెళ్ళిన కొందరు విశ్వాసులు యూదులు కానివారికి కూడా సువార్త చెప్పేశారు. వాళ్ళు నమ్మి సంఘంలో చేరారు. యెరూషలేములో ఈ వార్త వినబడింది. సున్నతి లేదు, ఆచారం లేదు, తిండి వేరు. ఇదంతా సరైనదేనా? చూసి రమ్మని బర్నబాను పంపారు.

బడిపంతుళ్ళకు తనిఖీ అంటే ఏమిటో తెలుసు. తనిఖీకి వచ్చే అధికారుల్లో రెండు రకాలు ఉంటారు. ఒకాయన తరగతిలో అడుగు పెట్టగానే పగిలిన కిటికీ అద్దం చూస్తాడు, హాజరు పట్టీలో కొట్టివేత చూస్తాడు. అవి లేవని కాదు, ఉన్నాయి. ఇంకొకాయన కూడా అవి చూస్తాడు. కానీ వెనక బెంచీలో కూర్చుని, ఇంట్లో అక్షరం ముక్క తెలియని కుటుంబం నుంచి వచ్చిన పిల్ల గడగడా పాఠం చదవడం ముందు చూస్తాడు. అంతియొకయలో లోపాలు వెతకదలిస్తే బర్నబాకు కావలసినన్ని దొరికేవి. కానీ ఆయన అక్కడికి వెళ్ళి దేవుని కృపను చూశాడనీ, చూసి సంతోషించాడనీ కార్యముల గ్రంథం 11వ అధ్యాయం చెబుతోంది. కృపను చూడడం! కృప కంటికి కనబడే వస్తువా? చూడగల కన్ను ఉంటే కనబడుతుంది. మనుషులు మారుతున్న తీరులో కనబడుతుంది.

సంతోషించి ఊరుకోలేదు. తార్సుకు వెళ్ళి, అందరూ మరచిపోయిన సౌలును వెతికి అంతియొకయకు తీసుకువచ్చాడు. ఇద్దరూ ఒక ఏడాది పాటు అక్కడ బోధించారు. శిష్యులకు క్రైస్తవులన్న పేరు మొట్టమొదట వచ్చింది ఆ ఊళ్ళోనే. ఆలోచించండి. రకరకాల భాషలవారూ జాతులవారూ కలిసి ఒక చోట కూర్చున్న సంఘానికి ఆ పేరు వచ్చింది. ఇది మన సరిహద్దు సంఘాలు గుర్తుపెట్టుకోవలసిన సంగతి. కొన్ని ఊళ్ళలో ఒకే చర్చిలో ఒక వేళ కన్నడ ఆరాధన, మరో వేళ తెలుగు ఆరాధన జరుగుతాయి. వీళ్ళు ముగించి బయటికి వచ్చేటప్పటికి వాళ్ళు మెట్ల మీద నిలబడి ఉంటారు. పది నిమిషాలు ఆలస్యమైతే విసుక్కోవడానికి రెండు భాషల్లోనూ మాటలున్నాయి. పలకరించడానికీ రెండు భాషల్లోనూ మాటలున్నాయి. ఏది వాడుతున్నాం?

మూడో సందర్భం మార్కుది. మార్కు అనే యోహాను పౌలు బర్నబాలతో ప్రయాణం బయలుదేరి, పంఫూలియలో వారిని విడిచిపెట్టి ఇంటికి తిరిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ప్రయాణం అనుకున్నప్పుడు అతన్ని కూడా తీసుకుపోదామన్నాడు బర్నబా. పని మధ్యలో వదిలిపోయినవాడు వద్దన్నాడు పౌలు. ఇద్దరికీ తీవ్రమైన వాదం జరిగింది. విడిపోయారు. పౌలు సీలను తీసుకుని ఒక వైపు వెళ్ళాడు, బర్నబా మార్కును తీసుకుని కుప్రకు ఓడ ఎక్కాడు.

ఇందులో ఎవరిది ఒప్పు అని చాలామంది వాదిస్తారు. నేను పౌలును తప్పు పట్టను. కష్టమైన ప్రయాణానికి నమ్మకమైన మనిషి కావాలనడం న్యాయమే. అయితే విచిత్రం చూడండి. ఒకప్పుడు సౌలును ఎవరూ నమ్మనప్పుడు బర్నబాయే చేయి పట్టుకున్నాడు. ఆ రోజు సౌలుకు చేసినదే ఈ రోజు మార్కుకు చేస్తున్నాడు. ఆ తరువాత కార్యముల గ్రంథంలో బర్నబా ప్రయాణాల ఊసే లేదు. ఆ ఓడతో పాటు ఆయన కథ మనకు కనుమరుగవుతుంది. కానీ ఫలితం కనుమరుగు కాలేదు. పౌలు పేర వచ్చిన రెండో తిమోతి పత్రిక చివరి అధ్యాయంలో, చెరసాలలో ఉన్న పౌలు మార్కును వెంటబెట్టుకుని రమ్మంటాడు. అతడు తనకు సేవలో ప్రయోజనకరమైనవాడని చెబుతాడు. మార్కు సువార్త ఆ మార్కుదేనని సంఘ సంప్రదాయం. ఎవరో ఒకరు రెండో అవకాశం ఇవ్వకపోతే ఆ కథ పంఫూలియలోనే ముగిసిపోయేది.

'ప్రయోజనకరమైనవాడు' అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. పౌలు ఇదే మాట మరో మనిషి గురించి కూడా వాడాడు. ఫిలేమోనుకు రాసిన పత్రిక ఉంది. 25 వచనాల చిన్న ఉత్తరం. ఫిలేమోను దగ్గర ఒనేసిము అనే దాసుడు ఉండేవాడు. యజమానికి దూరమై పౌలును చేరుకున్నాడు. ఒనేసిము అన్న పేరుకే ప్రయోజనకరుడని అర్థం. పేరు అది, యజమాని దృష్టిలో మాత్రం నిష్ప్రయోజకుడు. ఇప్పుడు నీకూ నాకూ పనికి వచ్చేవాడయ్యాడు, దాసుడిగా కాక ప్రియ సోదరుడిగా చేర్చుకో అని పౌలు రాశాడు. మూల గ్రీకులో మార్కు గురించీ ఒనేసిము గురించీ వాడిన మాట ఒకటే. ఒకడు పని వదిలిపెట్టి పోయినవాడు, ఇంకొకడు ఏ హక్కులూ లేని దాసుడు. ఇద్దరికీ పౌలు ఒకే బిరుదు ఇచ్చాడు.

'వాడు ప్రయోజకుడు కాడండీ.' ఈ వాక్యం మన ఇళ్ళలో ఎంత తేలిగ్గా అనేస్తాం! తండ్రి కొడుకును పట్టుకుని పదిమందిలో అంటాడు. బళ్ళో మేము అంటాం. తెలుగు మాట్లాడే ఇంటి పిల్ల కన్నడ బడిలో చేరి, మొదటి ఏడాది నోరు విప్పకపోతే 'మొద్దు' అని పేరు పెట్టేవాళ్ళున్నారు. ఆ పిల్లకు తెలివి లేక కాదు. మనసులో ఒక భాషలో పుట్టిన జవాబును ఇంకో భాషలోకి తెచ్చుకునే లోపల పక్క పిల్ల చేయి ఎత్తేస్తుంది. అంతే తేడా. అలాంటి పిల్లకు రెండు నిమిషాలు ఎక్కువ ఇవ్వడం కూడా కృపే. ఆ రెండు నిమిషాలు దొరికిన పిల్లలు మూడో ఏటికి రెండు భాషల్లోనూ ముందు వరుసలోకి రావడం బళ్ళల్లో మేము చూస్తూనే ఉంటాం.

అయితే బర్నబా కూడా ఒక చోట తడబడ్డాడు. ఆ సంగతి దాచకుండా పౌలు గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో చెప్పాడు. అదే అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ ఉండేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే, వారికి భయపడి పక్కకు తప్పుకున్నాడు. మిగతా యూదులు కూడా తప్పుకున్నారు. చివరికి బర్నబా కూడా ఆ వరసలో కొట్టుకుపోయాడు. ఆ బాధ పౌలు మాటల్లో కనబడుతుంది. కృపను చూసి సంతోషించిన కళ్ళే, అదే ఊళ్ళో, నలుగురు ఏమనుకుంటారో అన్న భయంతో విస్తరి దగ్గర నుంచి పక్కకు తిరిగాయి.

శ్రోతలారా, ఇది మనకు ఎంత దగ్గరి కథో వేరే చెప్పాలా? ఒకే సంఘంలో ప్రభు భోజనం బల్ల దగ్గర కలిసి మోకరించిన రెండు కుటుంబాలు, మధ్యాహ్నం పెళ్ళి పందిట్లో వేరు వేరు పంక్తుల్లో కూర్చోవడం మనం ఎరగనిది కాదు. సంబంధం మాట వచ్చేటప్పటికి 'వాళ్ళు ఏమిటోళ్ళు?' అన్న ప్రశ్న ముందు వస్తుంది. కొన్ని చోట్ల చనిపోయిన తరువాత కూడా సమాధులు వేరు. ఒంటరిగా ఉన్నప్పుడు మనలో చాలామంది మంచివాళ్ళమే. నలుగురు బంధువులు వచ్చినప్పుడే మన కంటి పరీక్ష జరుగుతుంది. కృపతో చూడడం అంటే మనసులో మెత్తగా అనుకోవడం ఒక్కటే అయితే కష్టం లేదు. ఎవరి పక్కన కూర్చుంటాం, ఎవరింట్లో మంచినీళ్ళు తాగుతాం అన్న దగ్గరే అది నిజమో కాదో తేలుతుంది. ఈ విషయంలో పేతురును పౌలు అందరి ముందూ నిలదీశాడు. అది కూడా కృపే. ఎందుకంటే విస్తరి దగ్గర వదిలివేయబడ్డవారి పక్షాన ఎవరో ఒకరు మాట్లాడాలి కదా!

ఈ మాట వచ్చింది కాబట్టి ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి. కృపతో చూడడం అంటే అన్యాయాన్ని కప్పిపుచ్చడం కాదు. మొగుడు కొడుతున్నాడని ఒక ఆడకూతురు వచ్చి చెప్పుకుంటే, 'ఓర్చుకో అమ్మా, క్షమించడం మన ధర్మం' అని పంపేసే పెద్దలున్నారు. అది కృప కాదు. దెబ్బలు తిన్న మనిషిని ముందు చూడవలసింది పోయి, కొట్టినవాడి పరువును చూడడం అది. ఆమెకు నీడ ఇవ్వాలి, వైద్యం చేయించాలి, అవసరమైతే చట్టం సహాయం తీసుకునేటప్పుడు పక్కన నిలబడాలి. కొట్టినవాడు మారే దారి కూడా ఉంటుంది. కానీ ఆ దారి ఆమె వీపు మీదుగా పోకూడదు. అలాగే పిల్లలకు హాని చేసినవాణ్ణి 'పోనీ మనవాడే' అని దాచడం కృప పేరుతో చేసే పాపం.

జక్కయ్య కథలో ఈ సమతూకం చక్కగా కనబడుతుంది. సుంకరి, అన్యాయంగా వసూలు చేసి ధనవంతుడైనవాడు. యేసు మేడి చెట్టు కింద నిలబడి, పేరు పెట్టి పిలిచి, ఇవాళ మీ ఇంటికి వస్తున్నానన్నారు. జనం సణిగారు. ముందు కృప వచ్చింది, ఉపన్యాసం కాదు. కానీ కృప లోపలికి పోయిన తరువాత జక్కయ్య ఊరుకోలేదు. ఆస్తిలో సగం పేదలకు ఇస్తాననీ, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తాననీ లేచి చెప్పాడు. పౌలు కూడా ఒనేసిమును చేర్చుకోమని ఊరికే రాయలేదు. అతడు ఏదైనా బాకీ ఉంటే తన లెక్కలో వేయమనీ, తానే తీరుస్తాననీ రాశాడు. చూశారా, కృప లెక్కను చించివేయదు. ఎవరో ఒకరు ఆ లెక్క తీరుస్తారు. నష్టపోయినవాడు నష్టపోయినట్టే మిగిలిపోతే అది కృప కానేరదు.

మరి దీన్ని అలవాటు చేసుకోవడం ఎలా? చూపు కూడా అభ్యాసం వల్లే వస్తుంది. వీణ నేర్చుకున్నట్టే, ఎక్కం వల్లె వేసినట్టే. నాకు తోచిన నాలుగు చిన్న సాధనలు మనవి చేస్తాను.

మొదటిది, తీర్పుకు ముందు ఒక ప్రశ్న. ఆదివారం ఆరాధనకు రోజూ ఆలస్యంగా వచ్చే అమ్మాయిని చూసి 'భక్తి లేదు' అనుకునే ముందు, 'ఇంట్లో అందరూ బాగున్నారా అమ్మా?' అని అడగండి. మంచం పట్టిన అత్తగారికి స్నానం చేయించి, గంజి పట్టించి, పరుగెత్తుకు వస్తూ ఉండవచ్చు. అప్పుడు ఆలస్యంగా వచ్చిన ఆ అమ్మాయే అందరికన్నా ముందు ఆరాధన మొదలుపెట్టినట్టు మీకు తెలుస్తుంది.

రెండోది, చెప్పుడు మాటకు మన దగ్గర ముగింపు. పూర్వం రచ్చబండ దగ్గరో బావి దగ్గరో పుట్టిన మాట ఊరు దాటడానికి వారం పట్టేది. ఇప్పుడు చేతిలో ఫోను ఉంది. ఒక వేలు కదిపితే వందమందికి పోతుంది. నిజమో కాదో తెలియని మాట మీ దగ్గరికి వస్తే, అది మీ దగ్గరే ఆగిపోనివ్వండి.

మూడోది, పేరు పెట్టి ప్రార్థన. మీకు ఏ మనిషి అంటే మనసు ముడుచుకుంటుందో ఆ మనిషి పేరు ప్రార్థనలో చెప్పండి. ఫిర్యాదుగా కాదు. అతని పిల్లల కోసం, అతని ఆరోగ్యం కోసం. ఒక నెల అలా చేసి చూడండి. అతను మారతాడో లేదో గాని మీ ముఖంలో ముడి సడలుతుంది. ఇతర మతాల శ్రోతలు కూడా మీ మీ పద్ధతిలో దీన్ని చేసుకోవచ్చు. పొరుగువాడి మంచి కోరడానికి ఏ మతమూ అడ్డు చెప్పదు.

నాలుగోది, మంచిని బయటికి చెప్పడం. లోపం కనబడితే మన నోరు తనంతట తానే తెరుచుకుంటుంది. మంచి కనబడితే మనసులోనే ఉంచుకుంటాం. కోడలు చేసిన పులుసులో ఉప్పు తక్కువైతే వెంటనే చెబుతాం. బాగా కుదిరిన రోజు మాట్లాడకుండా రెండోసారి వడ్డించుకుంటాం! బర్నబా సౌలులో చూసిన మంచిని పెద్దల ముందు నోరు విప్పి చెప్పాడు కాబట్టే సౌలుకు లోపల చోటు దొరికింది. మనం చెప్పకుండా మింగేసిన మంచి మాట వల్ల ఎవరికి ఏ తలుపు మూసుకుపోయిందో మనకు తెలియదు.

గురివింద గింజకు తన నలుపు తెలియదని సామెత. యేసు కూడా నలుసు, దూలం పోలిక చెప్పారు. చాలామంది అందులో సగమే గుర్తుంచుకుంటారు. నలుసును అలాగే వదిలెయ్యమని ఆ పోలిక చెప్పదు. ముందు మన కంటి దూలం తీసుకుంటే, అప్పుడు సోదరుడి కంటిలో నలుసు తీయడానికి తేటగా కనబడుతుందని చెబుతుంది. కంటిలో నలుసు తీయించుకున్నవారికి తెలుసు, అది ఎంత సుతారంగా చేయవలసిన పనో. కొంగు కొసను నోటి ఆవిరితో వెచ్చచేసి, రెప్ప నెమ్మదిగా ఎత్తి తీస్తుంది అమ్మ. ఆ చేయి వణకకూడదు, విసురుగా తగలకూడదు. తోటివారి తప్పు దిద్దవలసి వచ్చినప్పుడు మన మాట అలా ఉంటే చాలు.

ఈ వారంలో ఒక్క మనిషిని ఎంచుకోండి. ఇంట్లోవారు కావచ్చు, వీధిలోవారు కావచ్చు, సంఘంలో చాలా ఏళ్ళుగా మీరు పలకరించని మనిషి కావచ్చు. ఆ మనిషి గురించి మీకు తెలిసిన కథ పాతదేమోనని ఒక్కసారి అనుమానించండి. వెళ్ళి పలకరించండి. ఏ భాషలో అన్నది మీ ఇష్టం. సరిహద్దులో ఉన్న మనకు రెండు భాషలున్నాయి, ఒక దాంట్లో మాట తడబడితే రెండో దాంట్లో మొదలుపెట్టవచ్చు.